లండన్ నుంచి సింగపూర్‌కు



టిమ్ స్లెస్సర్ రచించిన 'ఫస్ట్ ఓవర్‌లాండ్' 1957లో వెలువడిన యాత్రా గ్రంథం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయాలకు చెందిన ఆరుగురు యువకులు రెండు లాండ్ రోవర్ బండ్లలో 1955 సెప్టెంబరులో లండన్ విడిచి, 1956 మార్చిలో సింగపూర్ చేరారు.

ఈ గ్రంథంలో భారతీయ పాఠకుని ప్రత్యేకంగా ఆకర్షించేది అస్సాంలోని లెడో బాట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చైనాకు సైనిక సామగ్రి చేరవేయడానికి కొండలు తొలిచి వేసిన బాట అది. యుద్ధం ముగిసిన పదేండ్లకే అడవి దానిని కమ్ముకొన్నది, వంతెనలు శిథిలమయ్యాయి. ఆ బాట వెంటనే పాంగ్‌సౌ కనుమ దాటి వారు బర్మాలో ప్రవేశించారు. యుద్ధావసరం కోసం పుట్టిన దారి ఆ విధంగా స్నేహయాత్రకు అక్కరకు వచ్చింది.

కాలం మారింది. 1979లో ఇరాన్ విప్లవం, ఆ ఏడాది చివర ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సేనల ప్రవేశం ఐరోపా నుంచి భారతదేశానికి రోడ్డుపై వచ్చే యాత్రికుల రాకపోకలను దాదాపు నిలిపివేశాయి. కూలిన వంతెనను కొన్ని నెలలలో తిరిగి కట్టవచ్చు. మూతపడిన సరిహద్దు తెరుచుకోవడానికి ఒక తరం చాలకపోవచ్చు.

2019లో ఆనాటి బండ్లలో ఒకటి సింగపూర్ నుంచి లండన్‌కు తిరుగు ప్రయాణం చేసింది. స్లెస్సర్ అస్వస్థులు కాగా, ఆయన స్థానంలో మనుమడు కూర్చున్నాడు. ఇరుగుపొరుగు దేశాలు తలుపు తెరిచినంత మేరకే ఏ రహదారి అయినా సాగుతుందని ఈ గ్రంథం నేటికీ గుర్తు చేస్తున్నది.