కాన్పు సెలవు – రాజీనామా చీటీ

(సంఘ వార్షిక సభలో చదివిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన విషయం "స్త్రీలు – ఉద్యోగము". అది సముద్రమంత విషయం. మన పెద్దతిప్పసముద్రం పేరులోనే సముద్రమున్నది గదా అని అంతా ఈదబోతే భోజనాల వేళ దాటిపోతుంది. అందుచేత ఒక్క గుక్కెడు మాత్రమే తీసుకుంటున్నాము. కాన్పు సెలవు ముగిశాక ఉద్యోగానికి రాజీనామా ఇచ్చిన ఆడబిడ్డకు నిరుద్యోగ భృతి వస్తుందా, రాదా? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగినారు. అడిగిన వారందరూ రాజీనామా ఇచ్చేసిన తర్వాతనే అడిగినారు. అదే మా బాధ.

ఇది పట్నంవాళ్ళ సమస్య గదా, ఇక్కడెందుకని అనుకోవద్దు. మన సీమలో బోరు ఎండినా, టమోటా ధర పడిపోయినా మొదట చూసేది బెంగుళూరు వైపే. మదనపల్లె వాళ్ళు చింతామణి, హొసకోట మీదుగా బస్సులో పోతారు, కుప్పం వాళ్ళు రైలెక్కుతారు. మగవాళ్ళు కట్టడం పనికో, డ్రైవరు పనికో పోతే, ఆడపిల్లలు గార్మెంట్సు ఫ్యాక్టరీలో మిషను ముందు కూర్చుంటారు. పెళ్ళయినా అక్కడే. తొలి కాన్పుకు పుట్టింటికి వస్తారు. నలభై రోజుల చిల్లా స్నానం అయి, బిడ్డ కాస్త నిలదొక్కుకుని, తిరిగి పోవాల్సిన రోజు దగ్గరపడే సరికి ఇంట్లో మాట మొదలవుతుంది: "ఇంత పసిబిడ్డను ఎవరు చూస్తారు? మానేసెయ్, పోనీ."

జవాబు ముందే చెప్పేస్తాము. మన దేశంలో తనంతట తాను ఉద్యోగం మానుకున్న వారికి నిరుద్యోగ భృతి లేదు. ఉన్న కొద్దిపాటి ఏర్పాటు ఇ.ఎస్.ఐ. ద్వారానే ఉన్నది. 2005 ఏప్రిల్ 1న వచ్చిన రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన ఫ్యాక్టరీ మూతపడిన వారికి, రిట్రెంచిమెంటు అయిన వారికి, ఉద్యోగంతో సంబంధం లేని ప్రమాదంలో 40 శాతానికి తక్కువ కాకుండా శాశ్వత అంగవైకల్యం పొందిన వారికి. తర్వాత 2018 జూలై 1న అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన వచ్చింది. మొదట సగటు సంపాదనలో 25 శాతం ఇచ్చేవారు, కరోనా కాలంలో 2020లో దాన్ని 50 శాతం చేసినారు. అదీ గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే. ఎప్పటికప్పుడు గడువు పొడిగిస్తూ వస్తున్న పథకం కనుక, అడిగేనాటికి అమలులో ఉన్నదా అని శాఖాఫీసులో తెలుసుకోవాలి. దాని షరతుల్లో ఒకటి ఏమంటే, పని పోవడానికి కారణం దుష్ప్రవర్తనకు శిక్షగానీ, వయసు చేరిన విరమణగానీ, స్వచ్ఛంద విరమణగానీ కాకూడదు. "నా సొంత కారణాల వల్ల మానుకుంటున్నాను" అని రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని ఈ షరతు దాటడం ఎట్లా?

పోనీ ఆ మాట పక్కన పెడదాం. ఇంకొక చిక్కున్నది, దాన్ని ఎవరూ గమనించరు. ఈ పథకానికి, పని పోవడానికి ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. ఇ.ఎస్.ఐ.లో చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు ఒకటి. కాన్పు సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. అది కూడా ఆరు నెలలే! ఆ కాలంలో కంపెనీ జీతమివ్వదు, ఇ.ఎస్.ఐ. భత్యం వస్తుంది, చందా పడదు. సెలవు ముగిసిన మరునాడే రాజీనామా చేస్తే 78 రోజుల లెక్క ఎక్కడి నుండి తెస్తారు? కాబట్టి సంతకం పెట్టక ముందే శాఖాఫీసుకు పోయి తన ఖాతాలో పడిన రోజులు లెక్కపెట్టించుకోవాలి.

ఆ మధ్య ఒక చెల్లెలు మా దగ్గరకు వచ్చింది. పేరు, ఊరు అక్కరలేదు. గార్మెంట్సులో నాలుగేళ్ళ మూడు నెలలు టైలరుగా పనిచేసింది. సెలవు అయ్యాక బిడ్డను చంకనెత్తుకుని ఫ్యాక్టరీకి పోతే, సూపర్వైజరు "రాజీనామా ఇచ్చేయమ్మా, పి.ఎఫ్. తొందరగా చేతికొస్తుంది, బిడ్డ పెద్దయ్యాక మళ్ళీ చేరుదువు" అన్నాడట. ఆప్యాయంగానే అన్నాడట. కాగితం కన్నడంలో ఉన్నది. ఆమె ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో నేర్చింది తెలుగు. సంతకం పెట్టేసింది. ఇంకొక తొమ్మిది నెలలు పేరు రిజిస్టరులో ఉండి ఉంటే ఐదేళ్ళు నిండి గ్రాట్యుటీ వచ్చేది. లెక్క కట్టి చూడండి: నెల మూలవేతనం 12,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, ఐదేళ్ళకు చేస్తే సుమారు 34,600 రూపాయలు. కాన్పు సెలవు కూడా గ్రాట్యుటీ సర్వీసులో కలుస్తుందని ఆమెకు ఎవ్వరూ చెప్పలేదు. నిరుద్యోగ భృతి సంగతి అడగడానికి వచ్చిన మనిషి, పోయిన గ్రాట్యుటీ సంగతి విని ఇంటికి పోయింది.

ఇక పి.ఎఫ్. మాట. మనవాళ్ళు దాన్ని సర్కారు ఇచ్చే భృతి అనుకుంటారు. కాదు. అది ఆమె చెమట డబ్బు, దానికి యజమాని కట్టిన వాటా. అయినా అది తప్ప వేరే ఆధారం లేదు కనుకనే మన ఆడవాళ్ళకు దానిపై అంత ప్రాణం. 2016 ఫిబ్రవరిలో కేంద్రం ఒక ఉత్తర్వు తెచ్చింది: యజమాని వాటా 58 ఏళ్ళు వచ్చేదాకా తీసుకోరాదని. ఏప్రిల్ 18న బెంగుళూరు బొమ్మనహళ్ళి దగ్గర హోసూరు రోడ్డు మీదికి గార్మెంట్సు ఆడవాళ్ళు వేల సంఖ్యలో వచ్చేసినారు. పిలిచిన నాయకుడు లేడు, ముందు నడిచిన జెండా లేదు. మరునాడు అది ఇతర ప్రాంతాలకు పాకింది. లాఠీలు పడినాయి, బస్సులు కాలినాయి. బస్సులు కాల్చడం మేము మెచ్చుకునేది కాదు. కానీ ఏప్రిల్ 19ననే ప్రభుత్వం ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నది. పని పోతే ఆదుకునే భృతి ఒకటి ఉన్నట్లయితే, మిషను ముందు తలవంచుకుని కూర్చునే ఆడవాళ్ళు పి.ఎఫ్. కోసం రోడ్డెక్కవలసిన అవసరం ఏమిటి?

విదేశాల్లో అయితే బాగుంటుందని కొందరంటారు. మనవాళ్ళు ఎక్కువగా పోయేది గల్ఫుకు గదా, అక్కడి సంగతే చూద్దాం. ఎమిరేట్సులో 2023 జనవరి నుండి నిరుద్యోగ బీమా పెట్టినారు. నెలకు ఐదు దిర్హములు కట్టే తరగతి కూడా ఉన్నది, పని పోతే మూడు నెలల దాకా జీతంలో 60 శాతం. కానీ రాజీనామా చేసిన వారికి లేదు, ఇళ్ళలో పనిచేసే వారికి అసలే లేదు. జర్మనీలో తగిన కారణం లేకుండా మానేస్తే సాధారణంగా 12 వారాలు భృతి ఆపుతారు, కారణం న్యాయమైనదైతే ఆపరు. ఆ చివరి మాటే మన చట్టంలో లేనిది. పసిబిడ్డను చూసేవారు లేక మానుకోవడం న్యాయమైన కారణం కాకపోతే మరేది న్యాయం?

చట్టం వచ్చేదాకా ఉన్నదాన్ని గట్టిగా పట్టుకోవాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకు 12 వారాల సెలవును 26 వారాలు చేసినారు. 2025 నవంబరు 21 నుండి ఇవన్నీ సామాజిక భద్రతా కోడులో కలిసినాయి, హక్కులు మాత్రం పోలేదు. కాన్పు సెలవులో ఉన్న మనిషిని తీసివేయడం చట్టవిరుద్ధం. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు. 50 మంది పనిచేసే చోట శిశుగృహం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి చూసుకోవచ్చు. శిశుగృహం మాట కొత్తదేమీ కాదు, 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే యాభై మందికి మించి స్త్రీలున్న చోట ఉండాలని రాసినారు. కాన్పు వల్ల ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు కాగితంతో ఇ.ఎస్.ఐ.లో ఇంకొక నెల భత్యం దొరుకుతుంది. కాంట్రాక్టు కింద ఉన్నాము, రోజుకూలీ గదా అని వెనుకాడవద్దు. 2000లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషను మస్టరు రోలు స్త్రీల కేసులో సుప్రీంకోర్టు వారికీ ప్రసూతి హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది.

మార్కెట్టులో టమోటా బాక్సులు నింపే తల్లులకు, కూలికి పోయే తల్లులకు ఇవేవీ తగలవు. వాళ్ళకు మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 రూపాయలు ఉన్నవి. ఆ ముచ్చట వేరే సభలో మాట్లాడుకోవలసినది.

ఇంటి పెద్దలకు ఒక మాట. కోడలు మానేయాలా వద్దా అన్నది ఆమె, ఆమె భర్త కూర్చుని తేల్చుకునే విషయం. అత్తగారు ఆరు నెలలు బెంగుళూరులో ఉండి బిడ్డను చూసుకోగలిగితే నెల జీతం నిలుస్తుంది. తాతగారికి రొట్టె ఎవరు చేస్తారన్న ప్రశ్న వస్తుంది, తెలుసు. తాతగారు కూడా వెంట పోవచ్చు!

మానేయక తప్పదంటే మానేయండి, కానీ తొందర పడవద్దు. ముందు జీతం లేని సెలవు అడిగి చూడండి. శిశుగృహం లేక మానుకుంటున్నట్లయితే ఆ మాటనే రాయండి, "సొంత కారణాలు" అని రాయవద్దు. చదవడం రాని భాషలో ఉన్న కాగితం మీద వేలు కూడా పెట్టవద్దు, ఒక నకలు తీసుకుని ఇంటికి వచ్చేయండి. ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. నంబరు, చివరి ఆరు జీతం చీటీలు, కాన్పు ఆసుపత్రి కాగితం ఒక సంచిలో వేసుకుని, చదువుకున్న వారెవరి దగ్గరకైనా సరే, సంతకానికి ముందు రండి.