పంటి మీద మోపిన నేరాలు



నోటి ఆరోగ్యానికీ ఒంటి ఆరోగ్యానికీ సంబంధం ఉందా అంటే ఈ హాల్లో కాదనేవారుండరు. ఎంత ఉంది, ఏ రుజువు మీద చెబుతున్నారు అని అడిగితే మాత్రం కాస్త ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఈ రోజు మనం స్మరించుకుంటున్న మా గురువుగారు విద్యార్థుల్ని ఎప్పుడూ ఆ రెండో ప్రశ్నే అడిగేవారు. అందుకని ఆయన పేరిట ఆ సంబంధం చరిత్రే చెప్పబోతున్నాను. అది మా దంతవైద్య వృత్తి గర్వించదగ్గ చరిత్రేమీ కాదు.

1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ప్రపంచంలోకెల్లా మొదటి దంతవైద్య కళాశాల వెలిసింది. వైద్యకళాశాలలో భాగంగా కాదు, విడిగా. మన దేశంలో 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ కళాశాల పెట్టినప్పుడూ, 1948లో దంతవైద్యుల చట్టం వచ్చినప్పుడూ అదే పద్ధతి నిలిచింది. ఒళ్లంతా ఒక డాక్టరుకి, పళ్లు ఇంకొకరికి.

ఈ పంపకాన్ని మొదట ప్రశ్నించినవాళ్లలో విల్లోబీ మిల్లర్ ఒకరు. అమెరికన్ అయినా బెర్లిన్‌లో పనిచేస్తూ, రాబర్ట్ కోహ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవుల విద్య పట్టుబడేదాకా నేర్చుకున్నారు. పళ్ల సందుల్లో మిగిలిన తిండిని సూక్ష్మజీవులు పులియబెట్టి ఆమ్లం చేస్తాయనీ, పిప్పిపన్నుకి అదే మూలమనీ చూపించారు. నోటి నుంచి రోగం ఒంట్లో మరో చోటికి పాకగలదని 1891లో రాశారు. అలాగని పళ్లు పీకమనలేదు. లోపల శుభ్రం చేసి పూడ్చమన్నారు. ఆ రెండో మాట ఎవరికీ గుర్తులేకపోయింది.

1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, కుళ్లిన పంటివేర్ల మీద బంగారు తొడుగులు వేసి డబ్బు చేసుకుంటున్నారని దంతవైద్యుల్ని దుయ్యబట్టారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. ఎక్స్‌రే ఇంకా అందరికీ అందని రోజుల్లో తొడుగు కింద ఏముందో ఎవరు చూశారు? చికాగోలో ఫ్రాంక్ బిల్లింగ్స్, పంటి కుళ్లు ఒంట్లో రోగాలు తెస్తుందన్న ఈ వాదాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్లారు. ఇక కారణం తెలియని ప్రతి జబ్బుకీ పన్నే ముద్దాయి. కీళ్లవాతమైనా, మూత్రపిండాల జబ్బైనా నోరు తెరవమనడమే.

అలా నోరు తెరిపించినవారిలో ఒకరు, న్యూజెర్సీలోని ట్రెంటన్ ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి అధిపతి డాక్టర్ హెన్రీ కాటన్. పిచ్చికి మూలం ఒంట్లో ఎక్కడో దాగిన చీమేనని ఆయన నమ్మారు. 1910ల చివర్లో రోగుల పళ్లు పీకించడం మొదలుపెట్టారు. గుణం కనిపించకపోతే టాన్సిల్స్ తీయించేవారు. అప్పటికీ కనిపించకపోతే పెద్దపేగు దాకా వెళ్లేవారు. యాంటీబయాటిక్స్ లేని కాలం. పేగు కోసినవాళ్లలో దాదాపు 30 శాతం మంది చనిపోయారని ఆయన సొంత లెక్కలే ఒప్పుకున్నాయి. వద్దని మొత్తుకున్న రోగుల్నీ వదల్లేదు. ఆయన్ని మోసగాడందామా అంటే, సొంత పిల్లల పళ్లు కూడా తీయించిన మనిషి. 1924లో జాన్స్ హాప్‌కిన్స్ నుంచి ఫిలిస్ గ్రీనేకర్ అనే యువ వైద్యురాలు వచ్చి రికార్డులన్నీ తిరగేస్తే, కాటన్ చెప్పిన నయాలు నిలవలేదు. ఆవిడ నివేదికని అడాల్ఫ్ మేయర్ బయటికి రానివ్వలేదు. మేయర్ కాటన్‌కి గురువు. గురుస్మరణ సభలో ఈ ముక్క చెప్పాల్సి రావడం ఇబ్బందే, అయినా చెప్పక తప్పదు.

1938లో రసెల్ సెసిల్, ముర్రే ఆంజెవిన్ అనే ఇద్దరు డాక్టర్లు 200 మంది కీళ్లవాత రోగుల వివరాలు ప్రచురించారు. పళ్లు తీయించుకున్న 52 మందిలో 47 మందికి గుణమేమీ కనిపించలేదు. సెసిల్ అంతకుముందు ఆ సిద్ధాంతాన్ని నమ్మినవారే. క్రమంగా అది చప్పబడింది. కానీ అబద్ధంతోపాటు నిజాన్నీ కొట్టేశారు. నోటి నుంచి ఒంట్లోకి ఏదైనా వెళుతుందన్నా నవ్వే రోజులొచ్చాయి.  

ఆ నవ్వుల మధ్య నిలబడ్డ నిజం ఒకటుంది. పన్ను పీకిన వెంటనే రక్తం పరీక్షిస్తే కాసేపు స్ట్రెప్టోకాకస్ కనిపిస్తుందనీ, చిగుళ్ల జబ్బు ముదిరినవాళ్లలో అది మరీ ఎక్కువనీ 1935లో ఒకెల్, ఎలియట్ అనే పరిశోధకులు లండన్‌లో చూపించారు. పాడైన గుండె కవాటం మీద అది స్థిరపడితే ప్రాణాపాయం. 1955లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అలాంటి రోగులకి పంటి వైద్యానికి ముందు యాంటీబయాటిక్ ఇమ్మంది. 2007లో ఆ సలహాని అపాయం బాగా ఎక్కువున్న కొద్దిమందికే కుదించింది. రోజూ పళ్లు తోముకుంటున్నప్పుడూ నములుతున్నప్పుడూ సూక్ష్మజీవులు రక్తంలోకి వెళుతూనే ఉంటాయి, ఎప్పుడో ఒకసారి పీకే పంటికంటే నిత్యం చిగుళ్లు బాగుండటమే ముఖ్యమని వివరించింది.

1989లో హెల్సింకి వైద్యులు గుండెపోటు వచ్చినవాళ్ల నోళ్లు మిగతావాళ్లకంటే అధ్వాన్నంగా ఉన్నాయని ప్రకటించడంతో పాత కేసు మళ్లీ తెరుచుకుంది. అయితే సిగరెట్టు చిగుళ్లనీ పాడుచేస్తుంది, గుండెనీ పాడుచేస్తుంది. ఏది దేనికి కారణం? రెండిటికీ సంబంధం కనిపిస్తోందిగానీ, చిగుళ్ల వైద్యం గుండెపోటుని ఆపుతుందనడానికి ఆధారం లేదని 2012లో అదే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తేల్చింది. గర్భిణుల విషయంలోనూ అంతే. అమెరికాలో 823 మంది మీద జరిగి 2006లో వెలువడ్డ పరీక్షలో చిగుళ్ల వైద్యం నెలలు నిండని కాన్పుల్ని తగ్గించలేదు. క్లినిక్ గోడ మీద "పళ్లు క్లీన్ చేయించుకోండి, గుండెని కాపాడుకోండి" అన్న పోస్టరు కనిపిస్తే నాకు కాటన్ గుర్తొస్తారు.

షుగర్ దగ్గర మాత్రం కథ వేరు. చిగుళ్ల జబ్బు మధుమేహం తెచ్చే ఆరో ఉపద్రవమని 1993లో దంతవైద్య పరిశోధకుడు హరాల్డ్ లోయె రాశారు. డెన్మార్క్‌లో 12 మందిని పళ్లు తోమడం మానిపించి, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచడం చూపించినవారూ ఆయనే. షుగర్ పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లలో వాపు నిలిచిపోతే షుగర్ లొంగడం కష్టమవుతుంది. 2013లో ఒక పెద్ద పరీక్ష చిగుళ్ల వైద్యంతో లాభం లేదంది. అయితే 2022లో కాక్రేన్ సంస్థ సమీక్ష 35 అధ్యయనాల్ని కలిపి చూస్తే, గార తీసి చిగుళ్లు బాగుచేశాక మూడు నాలుగు నెలలకి, రక్తంలో చక్కెర సగటుని చూపే హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం పాయింట్ల మేర తగ్గింది. చిన్న అంకే, కానీ అదనపు మాత్ర వేసుకోకుండా తగ్గింది. షుగర్ డాక్టర్లు కాళ్లు చూస్తారు, కళ్లు చూపించుకోమంటారు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా అని ఎంతమంది అడుగుతున్నారు?

చివరగా జపాన్. అక్కడి 11 వృద్ధాశ్రమాల్లో కొందరికి భోజనమైన ప్రతిసారీ సిబ్బంది పళ్లు తోమారు, దంతవైద్య సిబ్బంది వారానికోసారి వచ్చి చూశారు. రెండేళ్లలో వీళ్లలో 11 శాతం మందికి న్యుమోనియా వస్తే, మిగతావాళ్లలో 19 శాతం మందికి వచ్చింది. మింగడం సరిగ్గా రాని ముసలితనంలో నోటి పాచి ఉమ్మితోపాటు ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. ఈ సభలో నర్సింగ్ కళాశాలలు నడిపేవారు ఉన్నారు. ఇళ్లకి పంపే ఆయాలకి బీపీ చూడటం నేర్పిస్తున్నారు. మంచాన పడ్డవాళ్ల పళ్లు ఎలా తోమాలో కూడా ఈ ఏడాది నుంచే నేర్పించమని అడుగుతున్నాను. బోధించడానికి మా విభాగం నుంచి మనుషుల్ని మేం పంపుతాం.