పెరటి ఉయ్యాల

పిల్లలున్న ఇంట ఉయ్యాల యుండుట మన ప్రాంతమున క్రొత్త విషయము కాదు. తొర్రూరు చుట్టుపట్ల గ్రామములలో వేపకొమ్మకో చింతకొమ్మకో తాడు వేసి, గోనెసంచి మడతపెట్టి, పిల్లలు ప్రొద్దుగూకువరకు ఊగుట మనమందరము ఎరిగినదే. పాత పెంకుటిండ్లలో దూలమునకు గొలుసులతో వ్రేలాడు ఉయ్యాలబల్లలు ఇప్పటికిని అక్కడక్కడ కలవు. స్లాబు ఇండ్లు కట్టువారు సైతము వరండాలో ఒక కొక్కెము విడిచిపెట్టుచున్నారు. బతుకమ్మ పాటలలో ఉయ్యాల అను పలుకు మాటిమాటికి వినవచ్చును. ఇంతగా మన బ్రతుకులో కలిసిపోయిన వస్తువును గూర్చి ప్రసంగ మెందులకని శ్రోతలకు తోపవచ్చును.

ఉయ్యాల కట్టుట అందరికిని తెలియును. కట్టిన పిమ్మట దానిని చూచుకొనుట ఎవరి పనియో మాత్రము ఏ యింటను నిర్ణయము కాలేదు. కట్టిన నాడు ఇంటి పెద్ద తానే కూర్చుండి ఊగి చూచును. ఆనాడు ఉయ్యాల తెగదు. ఎండకు ఎండి, వానకు నాని, లోలోపల చివికి, ఎవ్వరును తనవంక చూడని నాడు అది తెగును. మేము చెప్పదలచిన దంతయు ఈ మాటలోనే యున్నది.

మొదట బరువు సంగతి చూతము. 30 కిలోల బిడ్డ కదలక కూర్చున్నప్పుడు తాళ్ల మీద పడునది 30 కిలోలే. ఊగునప్పుడు లెక్క మారును. తాడు నిలువు గీతనుండి 60 డిగ్రీలు పైకి లేచి తిరిగి దిగినచో, అడుగు భాగమున తాళ్ల మీద పడు లాగుడు రెండింత లగును. తాడు నేలకు సమాంతరముగ లేచునంతటి ఊపైనచో మూడింత లగును. అనగా 60 కిలోల మనిషి జోరుగా ఊగునప్పుడు కొమ్మయు కొక్కెమును 120 కిలోలకు పైగా మోయవలసి వచ్చును. కావున ఒకసారి కూర్చుండి చూచినంత మాత్రమున పరీక్ష ముగిసిన దనుకొనరాదు.

చెట్టునకు కట్టువారు పచ్చని, లావైన కొమ్మను ఎంచుకొనవలెను. వేప, చింత కొమ్మలు గట్టివి. మునగకొమ్మ పెళుసు; దానిని నమ్మరాదు. చివర లెండినది, బెరడూడినది, మొదట తొర్రపడినది ఎంత లావున్నను పనికిరాదు. తాటికిని కొమ్మకును నడుమ పాత టైరు ముక్క నుంచినచో రెండును ఒరసికొనవు. కొమ్మ ఏటేట లావగును గనుక ఏడాదికొకసారి కట్టు విప్పి వదులుగ కట్టవలెను. లేనిచో తాడు బెరడులోనికి దిగి కొమ్మయే ఎండిపోవును.

దూలమైనచో చెదలు చూడవలెను. సుత్తితో తట్టినప్పుడు డొల్ల చప్పుడు వచ్చినను, కత్తిమొన సులువుగ దిగినను వెంటనే వడ్రంగిని పిలువవలెను. స్లాబు ఇంటియందు కొక్కెము స్లాబు పోయునాడే సలాకలకు చుట్టి విడిచినదై యుండవలెను. పంకా కొరకు పెట్టిన కొక్కెము పంకా బరువునకే. దానికి ఉయ్యాల తగిలింపరాదు. కొక్కెపు వంపును, గొలుసు పై కడియమును ఒకదానినొకటి అరగదీసికొనును. అవి సన్నగిలినట్లు కంటికి కనబడిననే మార్చవలెను.

ఇక తాడు. జనుపతాడును కొబ్బరినార త్రాడును వాననీటికి లోపలినుండి కుళ్లును. పైచూపు చాలదు. రెండు చేతులతో పురి విప్పి లోపల చూడవలెను. నార నల్లబడినను, పొడి రాలినను, ముక్కవాసన వచ్చినను తీసివేయవలెను. నైలాను తాడు కుళ్లదు గాని ఎండ దానికి శత్రువు. రంగు వెలిసి, పైన నూగు లేచి, పట్టుకొన్నచో బిరుసుగ నున్న తాడు కాలము తీరినది. ముడి వేసినచోట ఏ తాటికైనను బలము సగము వరకు తగ్గవచ్చును. కావున తెగిన తాటిని ముడివేసి మరల ఉయ్యాలకు వాడరాదు. అది బట్ట లారవేయుటకు పనికివచ్చును.

చోటును గూర్చియు ఒక మాట. 3 మీటర్ల తాడుగల ఉయ్యాల 60 డిగ్రీల ఎత్తునుండి దిగునప్పుడు అడుగున గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగ ముండును. సైకిలు వేగముగ త్రొక్కువాడు గోడను ఢీకొన్నచో ఏమగునో ఇక్కడను అదియే. కావున ముందును వెనుకను ఉయ్యాల ఎత్తునకు రెండింతల దూరము ఖాళీగ నుండవలెను. పరుపు బండలమీదను సిమెంటు నేలమీదను ఉయ్యాల కట్టరాదు. అడుగున జానెడు లోతు ఇసుక పోసి, త్రొక్కుడుకు గట్టిపడినప్పుడెల్ల పారతో గుల్ల చేయవలెను. చిన్నపిల్లలు వెనుకనుండి పోకుండ నేలమీద సున్నపుగీత గీయుట మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైనది చీర ఉయ్యాల. పసిబిడ్డను పరుండబెట్టుటకు కట్టిన చీరలో తరువాత పెద్దపిల్లలు కూర్చుండి గిరగిర తిరుగుదురు. మెలిపడిన చీర మెడకు బిగిసినచో బిడ్డ కేకవేయలేడు. ప్రక్కగదిలోని తల్లికి చప్పుడు వినరాదు. కొన్ని నిమిషములలోనే ప్రాణము పోవును. ఇట్టి వార్తలు మన పత్రికలలో మరల మరల వచ్చుచునే యున్నవి. పసిబిడ్డను తీసిన వెంటనే చీర విప్పి మడిచి పెట్టవలెను. దానిని ఆటవస్తువుగ వదలిపెట్టరాదు. ఉయ్యాల ఎక్కు ఆడపిల్లలు చున్నీ తీసి ఎక్కవలెను. ఆపద సంభవించినచో మొదట బిడ్డను రెండు చేతులతో పైకెత్తి మెడమీది బరువు తీయవలెను. పిమ్మట బట్ట కోసి 108కు ఫోను చేయవలెను.

మన బిడ్డలు అమెరికాలో స్థిరపడిన కుటుంబములు నేడు అనేకము. అచ్చటి పెరళ్లలో ఉయ్యాలతోపాటు ట్రాంపొలిన్ అను సాధనము కనబడును. ఇనుప చట్రమునకు స్ప్రింగులతో బిగించిన గట్టి గుడ్డమీద పిల్లలు ఎగిరి గంతులు వేయుదురు. 1930లలో అయోవా రాష్ట్రమున నిస్సెన్, గ్రిస్‌వోల్డ్ అనువారు దీనికి నేటి రూపము నిచ్చిరి. 2000లో సిడ్నీ ఒలింపిక్సులో ఇది పోటీయైనది. అయినను అమెరికా శిశువైద్యుల అకాడమీ 1999లోను, మరల 2012లోను ఇంటి పెరటిలో దీని వాడుక తగదనియే చెప్పినది. ఎక్కువ గాయములు ఒకరికి మించి ఒకేసారి ఎగిరినప్పుడు కలుగును. అందులోను తేలికైన బిడ్డకే దెబ్బ తగులును. మనుమల యింటికి పోవు తాతలును అమ్మమ్మలును ఒక్కొక్కరినే ఎక్కనిచ్చి, దగ్గర కూర్చుండవలెను. త్రుప్పు పట్టిన స్ప్రింగు, ఎండకు కుట్లూడిన గుడ్డ, చిరిగిన వల కనబడినచో ఆట ఆపవలెను. సాధనము వేరైనను ధర్మ మొక్కటే.

చివరగా మా సూచన యిది. ఏడాదికి మూడు దినములు నిర్ణయించుకొనుడు: ఉగాదికి ముందు, మృగశిర కార్తెకు ముందు, వానలు వెలిసి బతుకమ్మ వచ్చుటకు ముందు. ఇంటిలో ఒకరిని పేరుపెట్టి నియమింపుడు. అందరి పని యనినచో అది ఎవ్వరి పనియు కాదు. ఆ మనిషి వెంట పిల్లలను నిలిపి, తాడు పురి విప్పుట, దూలము తట్టుట వారికి నేర్పుడు. అప్పుడు మీ కన్ను పడనిచోట వారి కన్ను పడును. ఉయ్యాల తీసివేయు డని మే మనము. దానిని ఊగు బిడ్డ నిశ్చింతగ నవ్వవలెనన్నచో పెద్దవారికి కొంత చింత యుండవలెను.