జాన్ జే: న్యాయపీఠానికి గీసిన హద్దు

అమెరికా తొలి ప్రధాన న్యాయమూర్తి జాన్ జే, స్వాతంత్ర్యాన్ని ఖాయం చేసిన 1783 పారిస్ సంధిని కుదిర్చిన రాయబారుల్లో ఒకరు. అయినా ఆయన చేసిన అసలు మేలు న్యాయవ్యవస్థకే అంటాను. 1793లో బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధ వేళ తటస్థతపై అధ్యక్షుడు వాషింగ్టన్ ప్రభుత్వం న్యాయసలహా కోరితే జే, సహ న్యాయమూర్తులు నిరాకరించారు. ప్రభుత్వ శాఖలు ఒకదాన్నొకటి అదుపులో ఉంచాలనీ, కోర్టు బయట అభిప్రాయాలు చెప్పడం తగదనీ వారి వాదన.

మరుసటి ఏడే ఆయన ప్రధాన న్యాయమూర్తిగా ఉంటూనే ఒప్పందం కోసం లండన్ వెళ్లారు కదా అనవచ్చు. నిజమే, సెనేట్‌లోనూ ఆ ఆక్షేపణ వచ్చింది. 1795లో న్యూయార్క్ గవర్నర్‌గా ఎన్నికయ్యాకే ఆయన పీఠం వదిలారు. కానీ మనిషి తడబాటు సూత్రాన్ని చెరపలేదు. సలహా తీర్పులు ఇవ్వకూడదన్న నియమాన్ని అమెరికా ఫెడరల్ కోర్టులు నేటికీ పాటిస్తున్నాయి.