షోలాపూర్ జౌళి రంగం నుంచి లోక్‌సభకు


షోలాపూర్ జౌళి పరిశ్రమ నుంచి పార్లమెంటుకు వెళ్లిన గంగాధర్ కూచన్ గారిని ఈ వార్షికోత్సవ వేళ స్మరించుకుందాం. 1980లో, మళ్లీ 1984లో ఆయన కాంగ్రెస్ తరఫున గెలిచారు. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించిన 1985 చట్టం ఆయన సభలో ఉండగానే వచ్చింది. మరమగ్గాల ఊరి ప్రతినిధి ఎవరికైనా ఇలాంటి చట్టం కత్తిమీద సామే. చేమగ్గం నేసేదీ మనవాళ్లే, మరమగ్గం నడిపేదీ మనవాళ్లే కదా!

తర్వాత ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్ గార్లు అక్కణ్ణుంచే గెలిచారు. 2009 నుంచి ఆ స్థానం ఎస్సీ రిజర్వుడు. కాబట్టి మనవాడొకడు గెలవాలని ఎదురుచూస్తూ కూర్చుంటే చాలదు. ఎవరు గెలిచినా నూలు ధర, కూలి, పింఛను గురించి అందరం కలిసి అడుగుదాం. చంద్రపూర్‌లో గనుల్లో, కార్ఖానాల్లో పనిచేస్తున్నా మనం మగ్గం బిడ్డలమే. పడుగూ పేకా కలిస్తేనే బట్ట.

జై మార్కండేయ!