పద్నాలుగేళ్ళ కుక్క, మూడేళ్ళ వీసా

 

పోయిన ఎపిసోడ్ చివర్లో మా ఇంటికి ఒక కుక్కపిల్ల రాబోతోందని మాటవరసకి అన్నాను. దానికి చాలా మెసేజ్‌లు వచ్చాయి. "ఏ జాతన్నా?", "ఎంతయింది?", "వీసా మీద ఉండి కుక్కేంటన్నా?" అని. మూడోదే అసలు ప్రశ్న. కానీ మొదటి దానికి జవాబు చెప్పకపోతే మూడోది ఎంత బరువైందో తెలియదు.

జాతి పేరు బసెంజీ. ఆఫ్రికాలో కాంగో అడవుల నుంచి వచ్చిన వేట కుక్క. మెడకి చిన్న గంట కట్టి పొదల్లోకి వదిలితే జంతువుల్ని వలల వైపు తరుముతుంది. అలా గంట కట్టడానికి ఒక కారణం ఉంది. ఇది మొరగదు. గొంతు మాత్రం ఉంది, సంతోషమొస్తే రాగం తీస్తుంది, కోపమొస్తే అరుస్తుంది. భౌ భౌ మాత్రం ఉండదు. పొట్టి జుట్టు, నిక్కబొడిచిన చెవులు, చుట్టుకున్న తోక. మా అమ్మకి వీడియో కాల్‌లో ఫోటో చూపిస్తే, "ఇది మన వీధిలో తిరిగే కుక్కలాగే ఉంది కదరా, దీనికి డాలర్లు పెట్టాలా?" అంది.

అమ్మ మాటలో నిజం లేకపోలేదు. ఇలాంటి వాటిని ఆదిమ జాతులంటారు. మనుషులు కావాలని ముక్కు నొక్కి, కాళ్ళు పొట్టి చేసి తయారుచేసినవి కావు. మన ఊరకుక్కలదీ అదే కోవ. ఎవరి బతుకు వాళ్ళే చూసుకోగల తెలివి వాటికుంటుంది. బసెంజీలో ఇంకో పాత లక్షణం కూడా ఉంది. మామూలు కుక్కలు ఏడాదికి రెండుసార్లు ఎదకొస్తే ఇది ఒక్కసారే వస్తుంది, ఎక్కువగా శరదృతువులో. అందుకే పిల్లలు చలికాలంలో పుడతాయి. డబ్బులు పట్టుకుని మే నెలలో వెళ్తే దొరకదు. మేం ఏడాది ముందే పేరు రాయించుకున్నాం. డిసెంబరులో పిల్లలు పుట్టాయి, ఫిబ్రవరి చివర్లో మాది ఇంటికొస్తుంది.

ఈ జాతికి అమెరికాలో మూలం చిన్నది. మొదట్లో తెచ్చిన కొద్ది కుక్కల సంతానమే పెరుగుతూ వచ్చింది. దాంతో జబ్బులూ పేరుకున్నాయి. 1987, 88ల్లో కొందరు కాంగో వెళ్ళి కొత్త కుక్కల్ని తెచ్చారు. వాటిని చేర్చుకోవడానికి 1990లో అమెరికన్ కెనెల్ క్లబ్ తన రిజిస్టర్ తలుపులు తెరిచింది. అన్నిటికన్నా భయపెట్టే జబ్బు ఫాంకోని. మూత్రపిండాలు ఒంటికి కావలసిన చక్కెర, లవణాల్ని కూడా బయటికి వదిలేస్తాయి. ఇది బయటపడేది కుక్క నడివయసులో. 2011 నుంచి దీనికి నేరుగా జన్యు పరీక్ష ఉంది. కాబట్టి మీరెవరైనా ఈ జాతి కొనాలనుకుంటే ముందు తల్లిదండ్రుల ఫాంకోని రిపోర్టులు అడగండి. చూపించడానికి నసిగే మనిషి దగ్గర కొనొద్దు.

ఇక ఇంటి ఏర్పాట్లు. మేముండేది డల్లాస్ దగ్గర. వెనక దొడ్డికి ఆరడుగుల చెక్క కంచె ఉంది. "అది చాలు కదా" అన్నాను బ్రీడర్‌తో. ఆవిడ నవ్వింది. బసెంజీ ఎక్కుతుంది, దూకుతుంది, కింద తవ్వుతుంది కూడా. కంచె ఉన్నా మనిషి కాపలా ఉండాల్సిందే అంది. బయట పట్టీ వదలకూడదు. ఉడత కనబడితే ఇక మన పిలుపు దాని చెవికెక్కదు. వారం రోజులు కంచె చుట్టూ తిరిగి సందులు మూశాను. లోపల చెప్పులు, ఛార్జర్ వైర్లు, రిమోట్లు అన్నీ పైకి చేరాయి. పెద్ద బోను ఒకటి కొని మా పడకగదిలో పెట్టాం.

వంటింట్లో ఇంకో జాగ్రత్త. మన వంటకాల్లో ఉల్లి, వెల్లుల్లి లేనివెన్ని? రెండూ కుక్కకి విషమే. పాయసంలో కిస్మిస్, పిల్లల చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో వేసే జైలిటాల్ కూడా అంతే. వేసవిలో అమ్మానాన్న వస్తారు. వాళ్ళ ప్రేమంతా అన్నం ముద్దలోనే ఉంటుంది. అందుకని ఏం పెట్టకూడదో మా అమ్మాయి తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించింది.

ఇప్పుడు మూడో ప్రశ్న. బ్రీడర్ పంపిన దరఖాస్తులో ఒక ప్రశ్న ఇలా ఉంది: మీరు ఈ దేశం వదిలి వెళ్ళాల్సి వస్తే కుక్క సంగతేంటి? మేం హెచ్-1బీ మీద ఉన్నాం. ఉద్యోగం పోతే గట్టిగా 60 రోజులు. బసెంజీ పద్నాలుగేళ్ళ దాకా బతుకుతుంది. మా వీసా మూడేళ్ళకోసారి చేతులు చాపుకునే బతుకు. ఆ గడిని రెండు రోజులు ఖాళీగా వదిలేశాం. మా ఆవిడ ఒకటే మాటంది: "మన గురించే మనకి తెలీదు, దానికేం మాటిస్తాం?"

గ్రీన్ కార్డు వచ్చాకే అన్నీ అనుకుంటే మన వరుసలో నిలబడ్డవాళ్ళకి జీవితమే వాయిదా పడుతుంది. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కార్డు వచ్చేసరికి తను కాలేజీకి వెళ్ళిపోవచ్చు. అలాగని "చూద్దాంలే" అనుకుని తెచ్చుకోవడం కూడా న్యాయం కాదు. కలుపుగోలు కుక్కైతే ఎవరో ఒకరు తీసుకుంటారు. పిలిస్తే రాని, గోడలెక్కే కుక్కని 60 రోజుల్లో ఎవరి చేతిలో పెడతాం?

అందుకని కూర్చుని కాగితం మీద రాసుకున్నాం. మొదటిది, ఇదే కాలనీలో ఉన్న మా మిత్రుడి కుటుంబం మూడు నెలలదాకా ఉంచుకోవడానికి ఒప్పుకుంది. మైక్రోచిప్ వివరాల్లో రెండో నంబరు వాళ్ళదే ఇస్తాం. రెండోది, బ్రీడర్ ఒప్పందంలో ఒక షరతుంది. ఎప్పుడైనా సరే, పెంచలేకపోతే కుక్క తిరిగి ఆవిడ దగ్గరికే వెళ్ళాలి. నాకు మొదట అది అనుమానంలా తోచింది, ఇప్పుడు కొండంత అండ. మూడోది, ఇండియాకి తీసుకెళ్ళడం. రెండేళ్ళు బయట ఉండి శాశ్వతంగా తిరిగి వెళ్ళేవాళ్ళు పెంపుడు కుక్కని సామానుతో పాటు తెచ్చుకోవచ్చు. ముందుగా మన జంతు క్వారంటైన్ విభాగం నుంచి అనుమతి పత్రం కావాలి. ఆ విభాగం హైదరాబాదులో కూడా ఉంది. చిప్, రేబిస్ టీకా, ఆరోగ్య పత్రం తప్పనిసరి. పదికిలోల కుక్క సీటు కింద పట్టదు, కార్గోలో వెళ్ళాలి. దానికి కొన్ని వేల డాలర్లవుతాయి. నెలనెలా పక్కన పెట్టడం మొదలెట్టాం. రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీరు వెళ్ళేముందు మళ్ళీ చూసుకోండి. సెలవులకి తీసుకెళ్ళి తిరిగొద్దామనుకునేవాళ్ళకి ఇంకో మాట. 2024 ఆగస్టు నుంచి అమెరికాలోకి వచ్చే కుక్కల విషయంలో కట్టుదిట్టం పెరిగింది. ఇక్కడ వేయించిన టీకా పత్రం బయల్దేరకముందే ప్రభుత్వ ముద్రతో చేతిలో ఉండాలి.

ఈ మూడూ రాసి ఆ గడి నింపి పంపాం. సాయంత్రానికి ఆవిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఇంత వివరంగా రాయరు" అని.

వీసా మీద ఉన్నవాళ్ళు కుక్కని పెంచుకోకూడదని నేననను. కాకపోతే ఎత్తుకోకముందే దింపే చోటు కూడా చూసుకోవాలి. మనకి నోటీసు వస్తే చదువుకుంటాం, లాయరుకి ఫోన్ చేస్తాం. దానికి మనం తప్ప ఎవరున్నారు?

పేరు ఇంకా తేలలేదు. మా అమ్మాయి గంటలు కట్టే కథ విని "మువ్వ" అంటోంది. నాకూ నచ్చింది. మీకేమైనా తడితే రాయండి. మళ్ళీ వారం కలుద్దాం. ఉంటాను.