లాక్స్‌టన్ గ్రామము - ఉమ్మడి పొలముల కాపుదల
(గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



ఇంగ్లండు అనగానే మనకు లండను మహానగరమును, అచటి పార్లమెంటు భవనమును జ్ఞప్తికి వచ్చును. కాని ఆ దేశమున కూడ మట్టిని నమ్ముకొని బ్రతుకు పల్లెలు కలవు. వానిలో లాక్స్‌టన్ అను చిన్న గ్రామమును గూర్చి నేడు తమకు మనవి చేయదలచినాము. దాని జనాభా కొన్ని వందలు మాత్రమే. సంపదను బట్టి గాని, అందమును బట్టి గాని మేము దాని నెన్నుకొనలేదు. గ్రామస్థు లందరును కలిసి వాడుకొను బాటలను, కాలువలను, గడ్డినేలలను ఆక్రమణల పాలు గానీయక ఆ ఊరివారే నేటికిని కాపాడుకొనుచున్నారు. ఈ పని వారు ఎట్లు చేయుచున్నారో తెలిసికొనుట మనకు మేలని మా విశ్వాసము.

లాక్స్‌టన్ ఇంగ్లండు నడిమి భాగమున నాటింగ్‌హామ్‌షైర్ సీమలో, ఆలర్టన్, టక్స్‌ఫర్డ్ అను చిన్న పట్టణములకు సమీపమున నున్నది. నేల బరువైన బంకమన్ను. విలియం రాజు 1086లో తన రాజ్యమందలి భూములనెల్ల లెక్క వ్రాయించెను. డూమ్స్‌డే బుక్ అను ఆ చిట్టాలో ఈ గ్రామము పేరు కలదు. ఊరి ఉత్తరమున పెద్ద మట్టిదిబ్బ యొకటి కాననగును. షెర్వుడ్ అడవిపై పెత్తనము చేసిన ప్రభువులు నివసించిన కోట అది. కోట కూలినది, దిబ్బ మిగిలినది. మధ్యయుగముల నాటి సెయింట్ మైకేల్ దేవాలయము మాత్రము ఊరి నడుమ నేటికిని నిలిచియున్నది.

ఈ గ్రామమునకు కీర్తి తెచ్చినవి కోటయు, గుడియు గావు, పొలములు. పూర్వము ఇంగ్లండున అనేక గ్రామములలో సాగుభూమి రెండు మూడు పెద్ద పొలములుగా నుండెడిది. వాని మధ్య కంచెలు లేవు. ఒక్కొక్క పొలమును పొడవైన సన్నని చెక్కలుగా విభజించి రైతులకు పంచెడివారు. ఒక రైతు చెక్క లన్నియు ఒక్కచోట నుండవు. మంచినేలలో కొన్ని, చౌడునేలలో కొన్ని, దగ్గర కొన్ని, దూరమున కొన్ని పడును. అందువలన మేలును కీడును అందరికిని పంపకమగును. ఈ పద్ధతి ఇతర గ్రామములలో దాదాపుగా అంతరించినది. లాక్స్‌టన్‌లో వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అను మూడు పొలములు నేటికిని సాగులో నున్నవి. ఒకదానిలో శీతకాలపు గోధుమ, రెండవదానిలో వసంతకాలమున విత్తు పైరు, మూడవది పడావు, మరుసటి ఏడు వీని వంతు మారుట - ఇది ప్రాచీన నియమము. దున్నుటకు వీలుకాని పల్లపు చోట్లను గడ్డికి విడిచిరి. వీనిని సైక్స్ అందురు. ఈ గడ్డిని ఏటేట వేలము వేయు ఆచారము కలదు. ఎన్నడును నాగలి తగులని ఆ నేలలలో అరుదైన అడవిపూల మొక్కలు నిలిచినవి కనుక ప్రభుత్వము వానికి చట్టరక్షణ కల్పించినది.

మార్క్ పియర్స్ అను కొలతగాడు 1635లో ఈ గ్రామమునకు గీసిన పటము ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయమున భద్రముగా నున్నది. ఏ చెక్క ఎవరి సాగులో నుండెనో అందు చూపబడినది. పటము లేని హద్దు నోటిమాట వంటిదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇతర గ్రామముల ఉమ్మడి పొలము లేమైనవని తమరడుగవచ్చును. 1604 మొదలు 1914 వరకు ఇంగ్లండు పార్లమెంటు 5,200కు పైగా శాసనములు చేసి, సుమారు 68 లక్షల ఎకరముల బహిరంగ పొలములను, ఉమ్మడి భూములను కంచెలలో బిగించి సొంత ఆస్తులుగా మార్చినది. దీనివలన పెద్ద రైతులు కొత్త సేద్యపు పద్ధతులు అవలంబించిరి. పంటలు పెరిగిన మాటయు నిజమే. కాని ఒక ఆవును మేపుకొని, పుల్లలేరుకొని పొట్టపోసుకొను బీదవానికి మేపుహక్కు పోయినది, వంటచెరకు పోయినది. వాడు కూలివాడయ్యెను, లేదా పట్టణము దారి పట్టెను.

లాక్స్‌టన్ ఈ వెల్లువకు ఎట్లు తప్పుకొన్నది? ఇందు కొంత అదృష్టమును కలదు. గ్రామభూములు ముఖ్యముగా ఎర్ల్ మాన్వర్స్, ఎర్ల్ ఆఫ్ స్కార్‌బరో అను ఇద్దరు ప్రభువుల వంశములకు చెందియుండెను. కంచెలు వేయు విషయమున వారికి పొత్తు కుదరలేదు. ఆ జాగు గ్రామమునకు వరమైనది. ఇరువదవ శతాబ్దారంభమున చెక్కలను కొంత కలిపి పెద్దవి చేసిరే గాని, పద్ధతిని మాత్రము విడువలేదు. నేడు మూడు పొలములును కలిసి ఇంచుమించు 500 ఎకరములు.

అయితే అదృష్టము పొలమును మిగిల్చునే గాని హద్దును కాపాడజాలదు. హద్దును కాపాడునది కోర్ట్ లీట్ అను గ్రామన్యాయసభ. మధ్యయుగముల నుండి వచ్చిన ఈ సభ నేటికిని ఏటేట సమావేశమగుచున్నది. సభ ఎన్నుకొన్న జూరీవారు నవంబరు చివరనో, డిసెంబరు మొదటనో ఒక నిర్ణీత దినమున గోధుమ విత్తిన పొలమును చూడబోదురు. వారందరును రైతులే. కొయ్య గూటములు, సుత్తి వెంట గొనిపోవుదురు. చెక్క చెక్కకును నడచి, ఎవడైన బాటలోనికి నాగలి జరిపెనా, గడ్డినేలను చీల్చెనా, మురుగుకాలువ పూడిక తీయక విడిచెనా యని పరీక్షింతురు. హద్దు చెరిగినచోట గూటము పాతుదురు. తప్పు చేసినవానికి జుల్మానా నిర్ణయింతురు. వారము దినముల పిదప ఊరిలోని డవ్‌కోట్ ఇన్ అను పూటకూటింటిలో సభ కూడును. స్టీవర్డు అధ్యక్షత వహించును. జూరీవారి నివేదిక అచట చదువబడును. మరుసటి ఏటికి కొత్త జూరీ ప్రమాణము చేయును.

జుల్మానా సొమ్ము స్వల్పము. కాని తన ఇరుగుపొరుగు పదిమంది తన చాలువద్ద నిలువబడి "ఇది బాట, నీది కాదు" అని చెప్పుట స్వల్పము కాదు. మరుసటి ఏడు తప్పుచేసినవాడే జూరీలో నుండి తీర్పరి కావచ్చును. నేటి తీర్పరి చెక్కను అతడు చూడవచ్చును. ఈ వంతులవారీ పద్ధతి వలన తనిఖీ పగకు దారితీయక, పనిగా సాగుచున్నది.

తప్పిపోయిన పశువులను కట్టివేయుటకు పూర్వము పిన్‌ఫోల్డ్ అను దొడ్డి యుండెడిది. అది మన బందెలదొడ్డియే. చేలలో పడిన పశువును అందు బంధించి, జుల్మానా చెల్లించిన పిదప విడిచెడివారు. దాని నిర్మాణమును గ్రామస్థులు నేటికిని నిలుపుకొన్నారు.

యజమానులు మారిరి. 1952లో వ్యవసాయ మంత్రిత్వశాఖ ఎర్ల్ మాన్వర్స్ భూములను కొన్నది. 1981లో అవి క్రౌన్ ఎస్టేట్ అను సంస్థకు చేరినవి. 2020లో మాన్వర్స్ వంశీయుల థోర్స్‌బీ ఎస్టేట్‌కు తిరిగి వచ్చినవి. 1977లో చేసిన ఒక చట్టము దేశమందలి ఇట్టి ప్రాచీన సభల న్యాయాధికారమును తొలగించినది. లాక్స్‌టన్ సభకు మాత్రము ఆ అధికారము మిగిలినది. యజమాని ఎవరైనను, జూరీ నడక ఆగలేదు.

ఇక గ్రామ సౌకర్యముల మాట. రైతుల ఇండ్లు పొలములలో విడివిడిగా గాక ఊరి వీథి వెంబడి వరుసగా నున్నవి. కొట్టములు ఇండ్లను ఆనుకొనియే యున్నవి. పొలముల చరిత్రను వివరించు ప్రదర్శనశాల పూటకూటింటి ప్రక్కనే కలదు. యూదులపై జరిగిన మారణహోమమును జ్ఞాపకముంచుటకు 1995లో నెలకొల్పిన జాతీయ స్మారకశాలయు ఈ గ్రామముననే యున్నది. ఇంగ్లండున పారిష్ కౌన్సిళ్లు 1894 నాటి చట్టము వలన ఏర్పడినవి. ఇవి మన పంచాయతీల వంటివి. లాక్స్‌టన్ ప్రక్కనున్న మూర్‌హౌస్ పల్లెతో కలిసి ఒక కౌన్సిల్ కలిగియున్నది. రోడ్ల మరమ్మతు కౌంటీ కౌన్సిల్ చూచును, చెత్త ఎత్తివేయు పని జిల్లా కౌన్సిల్ చేయును. ఏ పని ఎవరిదో స్పష్టముగా నుండుట వలన, ఫిర్యాదు ఎచట చేయవలెనో గ్రామస్థునికి తెలియును.

సభ్యులారా, ఆ దేశము వేరు, ఆ చట్టములు వేరు. అచటి సభను ఇచటికి తెచ్చి నాటవలెనని మేము చెప్పుట లేదు. కాని మన ఊళ్లకును డొంకలు, పంటకాలువలు, పశువుల బయళ్లు, చెరువు గట్లు కలవు. డొంక ఒక్కనాడు మాయము కాదు. ఏటికొక చాలు చొప్పున సన్నగిల్లును. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో చివరిదగు 29వ అంశము సామాజిక ఆస్తుల నిర్వహణ. ఆ బాధ్యత కాగితముపై నున్నంతవరకు గట్టు గట్టుగా నిలువదు.

కావున మా మనవి ఇది. ఏటికొక దినము నిర్ణయించుకొనుడు. గ్రామపటమును చేతబట్టుకొని, సభ్యులును రైతులును కలిసి ఉమ్మడి భూముల హద్దుల వెంట నడువుడు. చూచినది చూచినట్లు వ్రాసి గ్రామసభలో చదివింపుడు. హద్దురాయి కదలినచోట, కదల్చినవాడు పెద్దవాడైనను పేదవాడైనను, చట్టప్రకారము తిరిగి పాతింపుడు. మరుసటి ఏడు మరల నడువుడు.